దాచకూడని మాట, చెప్పనక్కర్లేని మాట

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరం పక్కనే ఫాల్కన్ హైట్స్ అనే చిన్న ఊరు ఉంది. 2016 జూలై 6 రాత్రి అక్కడ ఒక పోలీసు అధికారి ఫిలాండో కాస్టీల్ అనే 32 ఏళ్ల నల్లజాతి వ్యక్తి కారును ఆపాడు. కాస్టీల్ ఒక బడిలో పిల్లల భోజనశాల సూపర్‌వైజరు. ఆయన దగ్గర పిస్టల్ ఉంది, దాన్ని వెంట ఉంచుకునేందుకు పర్మిట్ కూడా ఉంది. అధికారి డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం అడిగాడు. ఇన్సూరెన్సు కాగితం అందించాక కాస్టీల్ తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా చెప్పాడు. అయితే దాని జోలికి పోవద్దు అన్నాడు అధికారి. తియ్యడం లేదన్నాడు కాస్టీల్. కొన్ని క్షణాల్లోనే అధికారి ఏడుసార్లు కాల్చాడు. అప్పుడు పక్క సీట్లో కాస్టీల్ స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ల కూతురు ఉన్నారు. 2017 జూన్‌లో జ్యూరీ ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది.

ఇది విన్నాక తుపాకీ ఉన్న ప్రతి మనిషికీ ఒక ప్రశ్న పుడుతుంది. నిజం చెప్పినవాడే చనిపోయాడు కదా, మరి పోలీసు కారు ఆపి అడిగితే ఏం చెప్పాలి? టెక్సస్‌లోనో జార్జియాలోనో స్థిరపడి, గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చాక ఇంటి రక్షణకని పిస్టల్ కొనుక్కున్న తెలుగువాళ్లకూ ఇది పరాయి ప్రశ్న కాదు. దీనికి మామూలుగా రెండు సలహాలు వినిపిస్తాయి. అడిగినా అడక్కపోయినా అన్నీ చెప్పేసి సహకరించమంటారు కొందరు. లాయరు వచ్చేదాకా నోరు విప్పొద్దంటారు ఇంకొందరు. రెండూ సగమే సరైనవని నా అభిప్రాయం. పోలీసు అడిగేవన్నీ ఒకే రకం ప్రశ్నలు కావు. కొన్ని ఆ నిమిషంలో అక్కడున్నవాళ్ల ప్రాణాలకు సంబంధించినవి. కొన్ని రేపు కోర్టులో సాక్ష్యంగా మారేవి. చట్టబద్ధంగా ఆయుధం ఉన్నవాడు మొదటి రకం ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబివ్వాలి, రెండో రకం ప్రశ్నకు జవాబు మర్యాదగా మానుకోవాలి. ఈ తేడా తెలియకపోతే ఎంత నిజాయితీపరుడికైనా ఇబ్బంది తప్పదు.

ముందు ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న సంగతి చూద్దాం. ఆయుధం ఉందని చెప్పే విషయంలో అమెరికా రాష్ట్రాలన్నిటిదీ ఒక దారి కాదు. మిషిగన్, అలాస్కా, నార్త్ కరోలినా లాంటి చోట్ల పోలీసు అడగకముందే చెప్పాలి. మిన్నెసోటాలో అడిగితే చెప్పాలి. ఒహాయోలో అడగకముందే చెప్పాలన్న నియమం 2022లో పోయి, అడిగితే చెప్పాలన్నది మిగిలింది. టెక్సస్‌లో హ్యాండ్‌గన్ లైసెన్సు ఉన్నవాళ్లు ఆయుధం వెంట ఉండగా పోలీసు గుర్తింపు కార్డు అడిగితే, దానితో పాటు ఆ లైసెన్సూ చూపించాలి. అక్కడే 2021 సెప్టెంబరు నుంచి అర్హులైనవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. చట్టం బలవంతం చేయని చోట కూడా, ఆయుధం ఒంటి మీదో చేతికందే దూరంలోనో ఉంటే చెప్పడమే మేలని నేనంటాను. దీనికి కారణం అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోనే ఉంది. 1977లో మిమ్స్ కేసులో కోర్టు, చట్టబద్ధంగా ఆపిన కారులోంచి డ్రైవరును దిగమనే అధికారం పోలీసుకు ఉందని చెప్పింది. ఆ కేసులో డ్రైవరు దిగగానే జాకెట్ కింద ఉబ్బు కనపడింది, తడిమితే రివాల్వర్ దొరికింది. 1983లో మిషిగన్ వర్సెస్ లాంగ్ కేసులో, ప్రమాదముందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే కారులో ఆయుధాల కోసం వెతకవచ్చని తేల్చింది. అంటే దాచిన ఆయుధం బయటపడే దారులు చాలానే ఉన్నాయి. మీ నోటి ద్వారా తెలిస్తే అది సమాచారం. కోటు పక్కకు తొలగినప్పుడు పోలీసు కంటబడితే, ఆయనకు అది ప్రమాదంగానే తోస్తుంది.

అయితే చెప్పడం ఒక్కటే చాలదు, చెప్పే వరుస ముఖ్యం. కాస్టీల్ ఉదంతంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. అధికారి లైసెన్సు అడిగాడు. తుపాకీ మాట విన్నాక దాని జోలికి పోవద్దన్నాడు. కాస్టీల్ లైసెన్సు తీయబోయాడని స్నేహితురాలు చెప్పింది. తుపాకీ తీస్తున్నాడనుకున్నానని అధికారి చెప్పాడు. అడిగిన లైసెన్సు ఇంకా ఇవ్వాల్సే ఉంది, ఈలోగా వద్దన్న ఆజ్ఞ వచ్చింది. రెంటి మధ్యా చెయ్యి ఎటు కదిలినా అనుమానమే. తుపాకీ శిక్షకులు ముందు చేతులు, తర్వాత మాట, ఆ తర్వాతే కదలిక అని నేర్పేది ఇందుకే. కారు పక్కకు తీసి ఆపడం, ఇంజను ఆపి రాత్రయితే లోపలి లైటు వేయడం, రెండు చేతులూ స్టీరింగు మీద పైకి కనపడేలా పెట్టడం, సీటు బెల్టు తీయకుండా, కాగితాల కోసం వెతక్కుండా కదలక కూర్చోవడం మొదటి మెట్టు. అధికారి వచ్చాక, ‘తుపాకీ’ అనే ఒక్క మాట ముందు విసరకుండా, ‘సర్, నాకు క్యారీ లైసెన్సు ఉంది. పిస్టల్ కుడి నడుము దగ్గర ఉంది. పర్సు ఎడమ జేబులో ఉంది. ఏం చేయమంటారు?’ అని నెమ్మదిగా చెప్పి చేతులు ఉన్నచోటే ఉంచడం రెండో మెట్టు. ఆయన ఫలానాది చెయ్యమన్నాక, చేయబోయేది పైకి చెబుతూ చేయడం మూడోది. అడిగిన పనికీ వద్దన్న పనికీ పొంతన కుదరకపోతే కదలొద్దు. ‘లైసెన్సు తీయమంటారా, చేతులు ఇక్కడే ఉంచమంటారా?’ అని అడగాలి. తుపాకీని చూపించడానికైనా, అప్పగించడానికైనా తనంతట తాను తాకకూడదు.

ఇండియాలో పెరిగినవాళ్లకు ఈ వరుస అలవాటులో లేనిది. మన దగ్గర ఆయుధాల లైసెన్సు అరుదు. 1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షన్ కింద, ఆయుధం పట్టుకుని తిరిగే ఎవరినైనా పోలీసు లైసెన్సు చూపమనవచ్చు. చూపకపోతే పేరు, చిరునామా చెప్పమనవచ్చు. ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్న తుపాకులను కూడా స్టేషన్లో అప్పజెప్పమంటారు. అందుకే హైదరాబాదులోనో విజయవాడలోనో బండి ఆపే పోలీసు ప్రతి కారులోనూ తుపాకీ ఉండొచ్చని అనుకోడు. కాగితాలు పట్టుకుని దిగి ఆయన దగ్గరికి నడిచి వెళ్లడం ఇక్కడ గౌరవం. అమెరికా పోలీసు ఏ కారులోనైనా ఆయుధం ఉండొచ్చని శిక్షణలోనే నేర్చుకుని వస్తాడు. అక్కడ తలుపు తీసుకుని దిగిరావడం ముప్పుగా కనిపిస్తుంది. గ్లవ్ బాక్సులోకి చెయ్యి పెట్టినా అంతే. బతిమాలడం, పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు చెప్పడం, గొంతు పెంచి వాదించడం లాంటి మన రోడ్డు అలవాట్లు అక్కడ అక్కరకు రావు సరికదా, హాని చేస్తాయి.

ఇక రెండో రకం ప్రశ్నలు. ‘ఎందుకు ఆపానో తెలుసా? ఎక్కడి నుంచి వస్తున్నారు? ఎంత తాగారు? కారులో ఇంకేమైనా ఉందా, ఒకసారి చూడనా?’ ఇవి మాటవరసకు అడిగినట్టే ఉంటాయి గానీ ఇచ్చే జవాబు రికార్డవుతుంది. మౌనంగా ఉండే హక్కు ఉందని పోలీసు ముందుగా చెబుతాడని సినిమాలు చూసి అనుకుంటాం. 1984లో బర్కెమర్ కేసులో సుప్రీంకోర్టు, మామూలు ట్రాఫిక్ స్టాప్ కస్టడీ కాదు కాబట్టి ఆ హెచ్చరిక అక్కర్లేదంది. 1973లో ష్నెక్‌లోత్ కేసులో, సోదాకు ఒప్పుకోకపోయే హక్కుందని పోలీసు ముందుగా చెప్పనవసరం లేదంది. 2013లో సాలినాస్ కేసులో, ఊరికే మాట్లాడకుండా ఉంటే చాలదు, హక్కును వాడుకుంటున్నానని పైకి చెప్పాలన్న అభిప్రాయం నెగ్గింది. అంటే ఈ హక్కులన్నీ ఉన్నాయి, కానీ అడిగినవాడికే అందుతాయి. అందుకే వాక్యాలు ముందే నోటికి వచ్చి ఉండాలి. ‘సర్, సోదాకు నేను ఒప్పుకోవడం లేదు. ప్రశ్నలకు జవాబివ్వకుండా ఉండే హక్కును వాడుకుంటున్నాను. వెళ్లవచ్చా?’ అంటే చాలు. 2015లో రోడ్రిగెజ్ కేసు చెప్పినట్టు, కొత్త అనుమానానికి ఆధారం లేకుండా టికెట్ పని అయిపోయాక కూడా ఆపి ఉంచడం రాజ్యాంగ విరుద్ధం. అయినా సోదా చేస్తామంటే అడ్డుపడకూడదు. ఒప్పుకోలేదన్న మాట నమోదైతే చాలు. దాని బలం కోర్టులో తెలుస్తుంది.

తప్పు చేయనివాడికి మౌనం ఎందుకు, మౌనమే అనుమానం పుట్టించదా అని అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. అయితే రోడ్డు పక్కన, మెరిసే లైట్ల మధ్య, పరాయి భాషలో కంగారుగా చెప్పిన జవాబు నిర్దోషిని కూడా తప్పుగా చూపించగలదు. ఆఫీసు నుంచి వస్తున్నానని చెప్పి దారిలో దుకాణంలో ఆగిన సంగతి మరిచిపోతే, అదే రేపు అబద్ధంగా నిలబడుతుంది. మౌనానికి వచ్చే అనుమానం కన్నా పొరపాటు మాటకు వచ్చే నష్టం ఎక్కువ. పైగా ఆయుధం గురించి నిజం చెప్పి, చేతులు కనపడనిచ్చి, అడిగిన కాగితాలు ఇచ్చిన మనిషి మిగతా ప్రశ్నలకు మర్యాదగా తప్పుకుంటే దాన్ని శత్రుత్వంగా చూడటం పోలీసుకూ కష్టమే. మొదటి రకంలో చూపిన దాపరికంలేనితనమే రెండో రకంలో పాటించే సంయమనానికి అండగా నిలుస్తుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. చెప్పడం వల్లే జైలుపాలైనవాళ్లు లేరా? ఉన్నారు. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన షనీన్ అలెన్ అనే ఒంటరి తల్లి పెన్సిల్వేనియా పర్మిట్‌తో పిస్టల్ పెట్టుకుని న్యూజెర్సీలోకి వెళ్లింది. పోలీసు ఆపగానే తుపాకీ ఉందని తనే చెప్పింది. న్యూజెర్సీ పొరుగు రాష్ట్రాల పర్మిట్లను గుర్తించదు. అరెస్టయింది, ఏళ్ల తరబడి జైలుశిక్ష పడే కేసు ఎదుర్కొంది. చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్షతో బయటపడింది. ఆమె నోరు విప్పకుంటే ఆ రోజు గండం గడిచేదేమో. అయినా తప్పు ఆమె నిజం చెప్పిన చోట జరగలేదు, రాష్ట్ర సరిహద్దు దాటిన చోటే జరిగింది. దాపరికం లేకుండా జవాబిచ్చే సౌకర్యం చట్టం లోపల ఉన్నవాడికే ఉంటుంది. అందుకే ఈ విద్య కారు తాళం తిప్పకముందే మొదలవ్వాలి. వెళ్లే రాష్ట్రం మన పర్మిట్‌ను గుర్తిస్తుందా, గుర్తించకపోతే తుపాకీని తూటాలు తీసి, తాళం వేసి, చేతికందని చోట పెట్టామా అన్నది ఇంట్లోనే తేలాలి.

ఇది మనవాళ్లకు మరీ ముఖ్యం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు వదిలేస్తే, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు గానీ, ఆయుధాల నేరంలో శిక్ష పడితే వాళ్లనూ దేశం నుంచి పంపించేయవచ్చు. అందుచేత వీసా మీద ఉన్న కుర్రవాడు పౌరసత్వం ఉన్న మిత్రుడి కారు నడిపేటప్పుడు, గ్లవ్ బాక్సులో ఏముందో ముందే కనుక్కోవాలి. ఒకవేళ చిక్కులో పడితే అతనికి తుపాకీ గురించిన జవాబే నేరాంగీకారం కావచ్చు. అప్పుడు చేతులు కదపకుండా, లాయరుతో మాట్లాడాకే జవాబిస్తానని చెప్పడం ఒక్కటే దారి. లేదని అబద్ధమాడటం మాత్రం ఎవరికీ దారి కాదు. మౌనం హక్కు, అబద్ధం ఇంకో నేరం.

చివరి అభ్యంతరం న్యాయానికి సంబంధించింది. ఇన్ని జాగ్రత్తలూ ఆపబడినవాడి నెత్తినే ఎందుకు పెట్టాలి? కాస్టీల్ దాచలేదు, అరవలేదు, దిగలేదు. నేను పైన రాసిన వరుస అంతా పాటించినా ఆయన బతికేవాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ట్రాఫిక్ స్టాప్ ప్రాణాంతకమన్న భయం ఎంత పెద్దదో, రుజువు అంత చిన్నది. న్యాయశాస్త్ర ఆచార్యుడు జోర్డన్ బ్లెయిర్ వుడ్స్ ఫ్లోరిడాలో 200కు పైగా పోలీసు విభాగాల పదేళ్ల రికార్డులు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు ట్రాఫిక్ స్టాపుల్లో పోలీసు హత్యకు గురయ్యేది సుమారు 65 లక్షల స్టాపులకు ఒకసారని తేలింది. ఆ భయమే ట్రిగ్గర్ మీద వేలిని తొందరపెడుతోంది. ఐదేళ్లలో 400 మందికి పైగా, చేతిలో తుపాకీ గానీ కత్తి గానీ లేని, హింసాత్మక నేరానికి తరుముతున్నవాళ్లు కాని వాహనదారులనూ ప్రయాణికులనూ పోలీసులు చంపారని 2021లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తేల్చింది. కాబట్టి జవాబు చెప్పే విద్యతో పాటు అడిగే విద్య కూడా ఉండాలి. ఆయుధం ఉందని వినగానే పొంతన లేని ఆజ్ఞలు ఇవ్వకుండా, ‘చేతులు అక్కడే ఉంచండి, కాగితాలు తర్వాత చూద్దాం’ అనడం అధికారి నేర్వాల్సిన మొదటి వాక్యం. కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి, ప్రశ్నలు మొదలెట్టే ముందే ఎందుకు ఆపారో చెప్పాలని పోలీసులకు నియమం పెట్టింది. ఇది సరైన దిశ. టెక్సస్ 2017 చట్టం పోలీసుతో ఎలా మెలగాలో హైస్కూలు పిల్లలకు నేర్పమంది. అదే చట్టం పోలీసులకూ జనంతో ఎలా మెలగాలో శిక్షణ ఇమ్మంది. రెండు వైపులా నేర్పితేనే అది భద్రత అవుతుంది.

పోలీసు శిక్షణ మారేదాకా ఆగే వీలు రేపు సాయంత్రం కారెక్కేవాడికి లేదు. కనుక అమెరికాలో తుపాకీ ఉన్న తెలుగు పాఠకులకు నా మనవి ఇది. మీ రాష్ట్రంలో ఆయుధం సంగతి ఎప్పుడు చెప్పాలో ఈ వారమే చూసుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు ఆయుధానికి దూరంగా ఉండండి. పైన చెప్పిన వాక్యాలను ఇంగ్లీషులో పైకి అని, భార్యకో భర్తకో, కారు నడిపే పిల్లలకో కూడా నేర్పండి. ఆయుధం మాట దాచకండి, మిగతా మాటలు పారేసుకోకండి. వాదన ఏదైనా ఉంటే కోర్టులో వినిపించండి, రోడ్డు మీద వద్దు.