బ్యాటరీ తీగ ఊడదీసే పరీక్ష

మోటారుసైకిలుగాని జీపుగాని సరిగా చార్జి కావడంలేదని అనుమానం కలిగినప్పుడు, ఇంజను నడుస్తూ ఉండగానే బ్యాటరీ తీగను ఊడదీసి చూడడం కొందరికి అలవాటు. ఇంజను ఆగకపోతే ఆల్టర్నేటరు మంచిదనీ, ఆగితే చెడిందనీ తీర్పు చెబుతారు. శాస్త్రదృష్టితో చూస్తే ఈ పరీక్షలో రెండు దోషాలున్నాయి.

మొదటిది తర్కదోషం. పాతరకం డీసెల్ ఇంజనులు అనేకం ఒకసారి ప్రారంభమైతే విద్యుత్తు లేకుండానే నడుస్తాయి. మాగ్నెటో ఉన్న మోటారుసైకిలుకు కూడ మంట రగల్చడానికి బ్యాటరీ అక్కరలేదు. అటువంటి బండిలో చార్జింగు పూర్తిగా నిలిచిపోయినా ఇంజను ఆగదు. అంతేగాక, 16 వోల్టులు ఇస్తూ బ్యాటరీలోని నీటిని హరించివేసే రెగ్యులేటరు సైతం ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఇంజను నడవడం ఒక సంగతి. బ్యాటరీకి తగిన వోల్టేజి అందడం వేరొక సంగతి.

రెండవ దోషం హాని. వోల్టేజిలోని ఎగుడుదిగుడులను బ్యాటరీ తనలో ఇముడ్చుకొంటుంది. దానిని హఠాత్తుగా తొలగిస్తే, స్వయంప్రేరణ వల్ల తీగచుట్టల్లోని విద్యుత్ప్రవాహం తక్షణం తగ్గలేదు. వోల్టేజి ఒక్కసారిగా కొన్ని పదుల వోల్టులకు పెరగవచ్చు. దీపాలూ హారనూ మాత్రమే ఉన్న పాతబండ్లు దీనిని కొంతవరకు ఓర్చుకొనేవి. నేటి బండ్లలోని అర్ధవాహక పరికరాలు ఓర్చుకోలేవు. చార్జింగు లోపాన్ని వెతకబోయి, బాగున్న ఇతర పరికరాలను చెడగొట్టుకోవడమే దీని ఫలితం.

సరియైన పరీక్షకు ఒక వోల్టుమీటరు చాలు. పూర్తిగా చార్జి అయి విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల సీసపు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను మధ్యస్థ వేగంతో తిరిగేటప్పుడు అది సాధారణంగా 13.8 నుండి 14.5 వరకు పెరగాలి. 15 దాటితే రెగ్యులేటరునో, దాని ఎర్తు కనెక్షనునో అనుమానించాలి.

అసలు పెరగకపోతే వరుసగా వెతకాలి. శాశ్వత అయస్కాంతాలూ మూడుతీగల స్టేటరూ ఉన్న మోటారుసైకిలులో, ఇంజను ఆపి ఆ తీగలను రెగ్యులేటరు నుండి విడదీయాలి. తిరిగి నడిపి, రెండేసి తీగల మధ్య ఏకాంతర వోల్టేజిని కొలవాలి. మూడు కొలతలూ దాదాపు సమానంగా ఉండి, వేగంతోపాటు పెరగాలి. ఇంజను ఆపిన తరువాత ఏ తీగకూ బండి చట్రంతో సంబంధం ఉండరాదు. ఇవి సరిగా ఉంటే స్టేటరు నిర్దోషి. తరువాత బురదకూ నీటికీ చిలుమెక్కిన అతుకులను, చివరకు రెగ్యులేటరును చూడాలి.

స్వయంప్రేరణను పాఠంలో చదివే విద్యార్థికి ఈ పరీక్ష ఎందుకు కూడదో ఉపాధ్యాయులు చూపితే, ఆ పాఠం బండి దగ్గర కూడ అక్కరకు వస్తుంది.