దుబారా నేర్పే చదువు

అల్గారిదమ్స్‌లో పీహెచ్‌డీ అంటే ప్రోగ్రామును పది సెకన్ల నుంచి రెండు సెకన్లకు దించే పని అనుకుంటారు చాలామంది. కొడుకును చేర్పించడానికి వచ్చిన ఒక తండ్రి నన్నూ అదే అడిగారు. అలాంటి పనీ ఉంది. కానీ కాంప్లెక్సిటీ వైపు వచ్చినవాడు ముందుగా నేర్వాల్సింది ఎక్కడ దుబారా చేసినా చెల్లుతుందో.

ఈ సంగతికి నేను ఎప్పుడూ ఎత్తుకునేది ఐఐటీ కాన్పూర్ కథే. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా తేల్చాలి. బడిలో చెప్పినట్టు వర్గమూలం దాకా భాగించుకుంటూ పోతే, వంద అంకెల సంఖ్యకు, సెకనుకు లక్ష కోట్ల భాగహారాలు చేసే యంత్రమున్నా విశ్వం వయసు చాలదు. పని ఆ అంకెల లెక్క మీద ఏదో ఒక ఘాతంలో ముగియాలి. అదే పాలినామియల్ టైమ్. 1970ల్లో వచ్చిన సొలొవే–స్ట్రాసెన్, మిల్లర్–రాబిన్ పరీక్షలు వేగమైనవే. అయితే బొమ్మా బొరుసూ వేసుకుంటూ నడుస్తాయి. పొరపాటుకు ఆస్కారం ఎంత తగ్గినా సున్నా కాదు.

కాన్పూర్ ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, ఆయన దగ్గర బీటెక్ ప్రాజెక్టు చేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా పట్టిన దారి మన ఇంటర్ పుస్తకంలోని ద్విపద సిద్ధాంతం దగ్గరే మొదలవుతుంది. (ఎక్స్ + 1)ని 5వ ఘాతానికి విస్తరిస్తే గుణకాలు 1, 5, 10, 10, 5, 1. రెండు కొసల్లోని 1లు వదిలేస్తే అన్నీ 5తో నిశ్శేషంగా పోతాయి. 6వ ఘాతానికి 1, 6, 15, 20, 15, 6, 1. పదిహేను దగ్గరే దొరికిపోయింది, 6తో పోదు. ప్రధాన సంఖ్యలకు తప్ప ఈ గుణం దేనికీ లేదు. చిక్కల్లా, వంద అంకెల సంఖ్యకు అన్ని గుణకాలు రాయడం ఎవరి తరం? అందుకే గడియారంలో పన్నెండు దాటాక ఒంటిగంట వచ్చినట్టు, ఘాతం ఒక హద్దుకు చేరగానే మళ్ళీ సున్నా నుంచి లెక్కిస్తారు. పదాలు తగ్గుతాయి. కానీ ఆ మడతల్లో దొంగ సంఖ్యలు దాక్కోవచ్చు.

కుర్రాళ్ళు మొదట ఆశపడింది ఒక్క బహుపదితోనే దొంగను పట్టేద్దామని. కంప్యూటర్ మీద ఎన్ని లెక్కలు వేసినా నిలబడింది, రుజువు మాత్రం చిక్కలేదు. ఈనాటికీ చిక్కలేదు, అసలది తప్పే అయ్యుండొచ్చని గణితజ్ఞులు లెన్‌స్ట్రా, పొమెరాన్స్ తర్వాత కారణాలు చూపారు. 2002లో ఇద్దరూ అక్కడే పీహెచ్‌డీ మొదలుపెట్టిన రోజుల్లో ముగ్గురూ కోరిక తగ్గించుకున్నారు. ఒక్కటి చాలకపోతే ఎక్స్ + 1, ఎక్స్ + 2, ఎక్స్ + 3... ఎన్నయినా పెడదాం, ఆ లెక్క అంకెల మీద ఒక ఘాతం దాటకుంటే చాలు. రుజువు పడింది. ఆగస్టులో తొమ్మిది పేజీల్లో లోకానికి చూపించారు. 2006లో గోడెల్ బహుమతి వచ్చింది.

వాళ్ళు ఇచ్చిన హామీ దాదాపు 12వ ఘాతం. వంద అంకెలకు స్థూలంగా ఒకటి పక్కన 24 సున్నాలు. ఇందాకటి యంత్రానికి 30 వేల ఏళ్ళ పని. ప్రోగ్రామర్ నవ్వుతాడు, నవ్వనీయండి. లెన్‌స్ట్రా, పొమెరాన్స్ దాన్ని 6 దగ్గరికి దించినా, రోజువారీ అవసరానికి ఇప్పటికీ మిల్లర్–రాబిన్‌నే వాడుతున్నారు.

ఇలా దుబారాకు ఒప్పుకోవడమే మన పిల్లలకు అలవడదు. ఎంసెట్ నుంచి గేట్ దాకా సెకన్లు లెక్కపెట్టుకుంటూ పెరిగినవాళ్ళు. బౌండ్‌లో, అంటే పనికి చూపిన పైహద్దులో, ఒక లాగ్ (లాగరిథమ్) ఎక్కువొచ్చిందని బోర్డు దగ్గర నిలబడి పావుగంట సంజాయిషీ చెబుతాడు రిసెర్చ్ స్కాలర్. "ముందు రుజువు పడనీయరా, లాగ్ సంగతి తర్వాత" అంటాను. "అది కాదు సార్..." అని మళ్ళీ మొదలెడతాడు. వాడి పట్టుదలనూ తీసిపారేయలేను. డేటా స్ట్రక్చర్లలో ఆ ఒక్క లాగ్ కోసమే ఏళ్ళు ధారపోసినవాళ్ళున్నారు.

కథ అయ్యాక ఎవరో ఒకరు బ్యాంకు లావాదేవీల భద్రత గురించి అడుగుతారు. పెద్ద సంఖ్యల కారణాంకాలు తీయడం కష్టమన్న భరోసా మీద నడిచే తాళాలకు దీనివల్ల ఢోకా ఏమీ లేదు. ఈ పరీక్ష ప్రధాన సంఖ్య కాదని చెప్పి ఊరుకుంటుంది, కారణాంకాలేమిటో చెప్పదు. వాటిని తీయడానికి మామూలు కంప్యూటర్ మీద 12వ ఘాతం కాదు, 100వ ఘాతమైనా సరే అన్నా, పాలినామియల్ పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.