బడిపెరటి పరిశోధకులు

ఏదో ఒక ఉత్సవ సందర్భమున పండితుని బడికి ఆహ్వానించి, పూలదండ వేసి, గంటసేపు ఉపన్యాసము చేయించి సాగనంపు ఆచారము మనకు చిరపరిచితము. కాని పరిశోధనా పట్టమునకై కృషి చేయుచున్న యువశాస్త్రజ్ఞుని ఏడాది పొడవునా వారము వారము ఒకే తరగతికి, ఒకే ఉపాధ్యాయుని ప్రక్కకు పంపి, ఆ పనికై భృతి నిచ్చు పద్ధతి దీనికంటె ఎంతయో భిన్నమైనది. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1999లో, సూక్ష్మజీవశాస్త్రవేత్త రీటా కాల్వెల్ సంచాలకత్వమున, ప్రారంభించిన జి.కె.-12 ఫెలోషిప్పులు ఇట్టివి. తరువాతి కాలమున ఒక్కొక్క ఫెలోకు ఏటికి 30,000 డాలర్ల భృతి లభించెడిది. జీవశాస్త్రబోధనయే వృత్తిగా బ్రదికినవాడను గనుక ఈ పథకముపై నాకు గల మమకారము దాచుకొనదగినది కాదు.

అందు నన్ను మిక్కిలి ఆకర్షించినది మిషిగన్ రాష్ట్రపు నైరుతిభాగమున జరిగిన కృషి. హికరీ కార్నర్స్ అను పల్లెకడ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీవారి కెలాగ్ బయలాజికల్ స్టేషన్ అను క్షేత్రపరిశోధనాకేంద్రము కలదు. నేలయు పైరును పురుగును వానయు ఒకదానినొకటి ఎట్లు మార్చుచుండునో ఒకే పొలమున ఏండ్ల తరబడి కొలుచు దీర్ఘకాలిక పరిశోధన అచ్చట 1980ల చివరినుండి సాగుచున్నది. ఆ కేంద్రపు పరిశోధక విద్యార్థులు చుట్టుపట్ల గ్రామీణ పాఠశాలలకు పోయి, అచ్చటి ఉపాధ్యాయులతో కలసి, బడి ఆవరణలలోనే మళ్లు కట్టి, స్విచ్‌గ్రాస్ మొదలగు ఇంధనపు పైర్లు వేయించి, తమ ప్రయోగముల కొక చిన్న రూపమును పిల్లల కన్నులయెదుట నిలిపిరి.

పైరు ఎన్నిక చిన్న విషయము కాదు. పైరు ఏపుగా పెరుగు వేసవి నెలలలో ఆ దేశపు బడులు మూతపడియుండును; ఏటేటా విత్తవలసిన పంటయైనచో విత్తనము వేసిన పిల్లలు దాని పెరుగుదలను కన్నులార చూడలేరు, నీరు పోయువారు, కలుపు తీయువారు లేక మడి పాడగును. స్విచ్‌గ్రాస్ బహువార్షికము, తిరిగి విత్తనక్కరలేకయే ప్రతి వసంతమునను మొలకెత్తి, పిల్లలు సెలవుల నుండి మరలివచ్చి తరగతులలో కుదురుకొనిన పిమ్మట, శరత్కాలపు చలిలో కోతకు వచ్చును. శాస్త్రమునకును బడి పంచాంగమునకును ఇట్లు పొత్తు కుదుర్చుట పరిశోధకునికి తోచునది కాదు. ఏ నెలలో పిల్లలు ఏ స్థితిలో ఉందురో, ఏ గంట తరువాత వారి చిత్తము చెదరునో ఎరిగిన ఉపాధ్యాయుడు ప్రక్కన నుండవలెను. అతిథిగా వచ్చిపోవు విద్వాంసునికి ఎన్నడును అబ్బని జ్ఞానమిది.

ఇక పిల్లల ప్రశ్నలు. ఎరువు వేసిన మడిలో గడ్డి ఎత్తుగా పెరిగినదని చూపగానే, ఆ ప్రక్క ఎండ ఎక్కువగా పడుటచేత కాదుగదా యని వారడుగుదురు. ఒకటే మడి చాలదా, ఇన్ని మళ్లేలయని అడుగుదురు. ఏ మడి కేది వేయవలెనో చీట్లు తీసి నిర్ణయించుట ఆటవలె ఉన్నదే, శాస్త్రమెట్లగునని అడుగుదురు. విశ్వవిద్యాలయములో ఈ నియమములను గురువు చెప్పినందున పాటించిన విద్యార్థి, పండ్రెండేండ్ల బాలిక యెదుట వానికి కారణము చెప్పవలసి వచ్చినప్పుడు గాని వానిని నిజముగా నేర్చినవాడు కాడు. చీట్లు తీయనిచో సారవంతమైన మూలను మనకిష్టమైన పైరుకే తెలియకుండ కట్టబెట్టుదుమనియు, ఒకే మడిని నమ్మినచో దాని అదృష్టమును ఎరువు మహిమగా భ్రమింతుమనియు తెలియజెప్పుటకు అతడు తన ప్రయోగమును పునాదులనుండి మరల పరీక్షించుకొనవలసినదే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. డేవిడ్ ఫెల్డన్, ఆయన సహచరులు 2011లో ‘సైన్స్’ పత్రికయందు ఒక అధ్యయనమును ప్రకటించిరి. పరిశోధక విద్యార్థులు విద్యాసంవత్సరారంభమునను అంతమునను వ్రాసిన పరిశోధనా ప్రణాళికలను పోల్చి చూడగా, పరిశోధనతోపాటు బోధన కూడ చేసినవారు, కేవలము పరిశోధనయే చేసినవారికంటె, పరీక్షింపదగిన పరికల్పనలను రూపొందించుటలోను, ప్రయోగములను నిర్మించుటలోను ఎక్కువ అభివృద్ధి చూపిరని వారు తేల్చిరి. బోధన పరిశోధనకాలమును హరించునను పెద్దల వాదమున కింతకంటె స్పష్టమైన సమాధానము నేనెరుగను. ఆ 2011లోనే జి.కె.-12కు స్వస్తి చెప్పు ప్రతిపాదన ఫౌండేషన్ బడ్జెట్టులో వెలువడెను. పిమ్మట ఆ పథకము ముగిసినది. అది దూరదృష్టి లేని నిర్ణయమని నా దృఢాభిప్రాయము. ఆ నిర్ణయము చేసినవారికి, ఒక తరము శాస్త్రజ్ఞులు ప్రశ్న వేయు విధానమే మారుచున్నదను సంగతి గోచరింపలేదు.

ఐనను ఆ కృషి పూర్తిగా అంతరింపలేదు. కెలాగ్ కేంద్రపు ఫెలోలైన ఎలిజబెత్ షుల్తైస్, మెలిస్సా జెల్విక్ ప్రారంభించిన ‘డేటా నగ్గెట్స్’ అను పాఠములు నేటికిని తరగతులలో వాడుకలో నున్నవి. శాస్త్రజ్ఞులు తమ క్షేత్రములలో సేకరించిన అసలు దత్తాంశములే వీనికి ముడిసరకు. మొదటి మెట్టు పిల్లలకు గ్రాఫు గీచియే యిత్తురు; రెండవ మెట్టువారికి అక్షములు మాత్రమే యిత్తురు; మూడవ మెట్టువారు సర్వము తామే గీయవలెను. ఆ సంఖ్యలనుండి ఏమి తేలినదో, ఏది తేలలేదో వ్రాయించిన పిమ్మట, ఈ శాస్త్రజ్ఞుడు ఇకమీదట ఏ ప్రశ్నను పరిశోధింపవలెనో నీవే చెప్పుమని విద్యార్థిని అడుగుదురు.