ప్లగ్గు చేతికి తగలాలి

మిన్నెసోటాలో పడవ సరస్సు వదిలి రోడ్డెక్కిందంటే దాని అడుగున ఉండే బిరడా, అంటే ప్లగ్గు, తీసేసి ఉండాలి. ఇక్కడి చట్టం అది. జీబ్రా మసెల్ అనే గోరంత గుల్లపురుగు 1988లో గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బయటపడింది. మాకు దగ్గర్లోని మిన్నెటాంకా సరస్సులో 2010లో కనిపించింది. దాని పిల్లలు కంటికి ఆననంత సన్నం. పడవ అడుగున మిగిలిన కాసిని నీళ్లలో కూర్చుని ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు వెళ్లిపోతాయి. అందుకే ఒడ్డుకు రాగానే బిరడా తీసి నీళ్లన్నీ వదిలేయాలి, ఇంటిదాకా తీసే ఉంచాలి. మంచి చట్టం, నేను తప్పకుండా పాటిస్తాను. అయితే దానివల్ల పడవను నీళ్లలోకి దించబోయే ప్రతిసారీ ఆ బిరడా రంధ్రం తెరిచే ఉంటుంది. దాన్ని మూయమని గుర్తుచేసే బోర్డు మాత్రం పడవలు దించే అన్ని ర్యాంపుల దగ్గరా ఉండదు.

నా మిత్రుల్లో కొందరు ఈమధ్య పడవలు కొన్నారు. వాళ్లతో వెళ్లినప్పుడు మొదట అడిగేది ఇదే. "ప్లగ్గు పెట్టావా తమ్ముడూ?" అంటే "పెట్టానన్నా" అని జవాబు వస్తుంది. "అయితే వంగి ముట్టుకో" అంటాను. పోయిన ఆదివారం పెట్టిన జ్ఞాపకమే ఈ ఆదివారం పెట్టినట్టు అనిపిస్తుంది. చేసేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా, రోజూ చేసే పనుల్లో జ్ఞాపకం అలాగే మోసం చేస్తుంది. వేలికి తగిలితేనే బిరడా ఉన్నట్టు.

ఆ రంధ్రం పడవ వెనక పలకలో, అన్నిటికంటే పల్లంలో ఉంటుంది. మా పడవల్లో ఎక్కువ వాటికి పెట్రోలు ఇంజన్ సరిగ్గా ఆ పలక ముందే, మూత కింద కూర్చుంటుంది. అంటే లోపలికొచ్చే మొదటి నీళ్లు నేరుగా ఇంజన్ గదిలోకే. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం వెడల్పు రంధ్రం ఉంటే నిమిషానికి సుమారు 45 లీటర్లు వస్తాయి. పడవలో చేరిన నీళ్లను బయటికి తోడే పంపు మీద గంటకు 500 గ్యాలన్లు అని రాసి ఉంటే, అది నీటిని పైకెత్తే పనే లేకపోతే, నిమిషానికి 31 లీటర్లు తోడుతుంది. గొట్టంలోంచి పైకెక్కించి బయట పోయాలంటే అంతకూడా తోడలేదు. వెనకభాగం కుంగేకొద్దీ రంధ్రం ఇంకా లోతుకు పోతుంది, నీటి ఒరవడి పెరుగుతుంది. ఇంజన్ కింది భాగంలో ఉండే స్టార్టర్ మోటారు ముందుగా మునుగుతుంది. బ్యాటరీ కూడా కిందే ఉంటే, అది పోయిన క్షణాన పంపూ ఆగిపోతుంది.

నాకు ఎక్కువ భయం కలిగించేది మరొకటుంది. బిరడా లేని పడవ వేగంగా పోతున్నంతసేపూ బాగానే ఉన్నట్టుంటుంది. ముక్కు లేచి నీటిమీద జారేటప్పుడు చాలా పడవల్లో ఆ రంధ్రంలోంచి నీళ్లు బయటికే పోతాయి. సరస్సు మధ్యలో ఇంజన్ ఆపి, పిల్లలు ఈతకని వెనక మెట్టు మీద చేరినప్పుడు అసలు సంగతి మొదలవుతుంది. ఆ బరువుకు వెనకభాగం ఇంకాస్త దిగుతుంది. మూత కింద ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు.

చలిదేశంలో ఇంకో చిక్కు. సరస్సు నీటితోనే చల్లబడే ఇంజన్లలో శీతాకాలానికి ముందు నీళ్లన్నీ వదిలేయాలి. గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బి ఇనపదిమ్మెనే పగలగొడుతుంది. అందుకని ఇంజన్ పక్కల, సైలెన్సర్ గొట్టాల కింద ఉండే చిన్న బిరడాలు అక్టోబరులో ఊడదీస్తాం. వసంతంలో వాటిలో ఒక్కటి మరిచినా, ఇంజన్ తన పంపుతో తానే సరస్సు నీటిని తోడి తన గదిలో పోసుకుంటుంది. పడవ అడుగు బిరడా గట్టిగానే ఉంటుంది, నీళ్లు మాత్రం పెరుగుతుంటాయి. తెలియనివాళ్లు పడవకు చిల్లి పడిందనుకుని ఎక్కడెక్కడో వెతుకుతారు. తీసిన బిరడాలన్నీ ఒక సంచిలో వేసి ఆ సంచిని ఇంజన్ తాళంచెవికి కట్టేస్తాను. ఇంజన్‌లో ఎన్ని చోట్ల ఉంటాయో దాని మాన్యువల్‌లో ఉంటుంది, సంచిలో అన్ని ఉండాలి. మే నెలలో సరస్సుకు పోకముందే ఇంటి వాకిట్లో తోటగొట్టం తగిలించి, మూత తెరిచి, కాసేపు ఇంజన్ నడపాలి. కారేది ఉంటే అక్కడే కారుతుంది.

ఇత్తడి బిరడాను ముందు వేళ్లతోనే తిప్పాలి. మర సాఫీగా పట్టాకే పానా, అదీ కొంచెమే. మొదటినుంచే పానా వేస్తే మర అడ్డంగా పడి చెడుతుంది. బిగించినట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం ఆగవు. రబ్బరు బిరడా అయితే వంచి చూడండి. పగుళ్లు కనబడితే పారేయండి, కొత్తది ఖరీదేమీ కాదు.

బిరడా బిగించే పనంతా వాహనాలు నిలిపే చోటే ముగించాలి. ర్యాంపు మీద వెనకవాళ్లు తొందరపెడుతుంటే ఎవరికైనా చేతులాడవు. నీళ్లలోకి దించాక కూడా ట్రైలర్ పట్టీని వెంటనే విప్పను. పెట్రోలు పడవల్లో ఇంజన్ వేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ ఫ్యాన్ నడిపి, ఇంజన్ గది అడుగున పెట్రోలు ఆవిరి ఉందేమో చూడమని స్విచ్చు దగ్గరే రాసి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలూ మూత తెరిచే ఉంచుతాను. అడుగున నీటిగీత కదులుతోందంటే, పట్టీ ఇంకా తగిలించే ఉంది కనుక, బండిని ముందుకు పోనిస్తే చాలు, పడవ ఒడ్డెక్కుతుంది.

నీళ్లు చేరుతున్నాయని నడి సరస్సులో తెలిస్తే ముందు అందరికీ లైఫ్ జాకెట్లు, ఆ తర్వాతే పడవ సంగతి. స్టీరింగ్ పక్క డబ్బాలో ఒక అదనపు బిరడా ఉంచుకోండి. పడవలోపలి నుంచి దూర్చగలిగే రబ్బరుదైతే ఇంకా మేలు. కొనేముందు మీ పడవ రంధ్రం కొలత తీసుకుని వెళ్లండి, దుకాణంలో రకరకాల సైజులున్నాయి.