మైలాంబ చెరువు: ఒక వంశకావ్యం

శాసనాలను మన విమర్శకులు చరిత్రకు ఆధారాలుగా చూచినంతగా రచనలుగా చూడలేదు. రాజనామాన్ని, సంవత్సరాన్ని గ్రహించి శ్లోకాన్ని విడిచిపెట్టడం మనకు అలవాటైనది. ఆ అలవాటువల్ల కలిగిన నష్టానికి బయ్యారం చెరువు శాసనం ఒక నిదర్శనం.

దానిని వేయించినది కాకతి మహాదేవుని కుమార్తె, గణపతిదేవుని (1199–1262) సోదరి మైలాంబ. ఆమె నతవాడి రుద్రుని ఇల్లాలు. చరిత్ర గ్రంథాలలో ఆమెకు సాధారణంగా దక్కేది ఒక్క వాక్యం: కాకతీయులు ఆడపడుచునిచ్చి నతవాడివారితో వియ్యమందినారు. ఆ వాక్యంలో ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు కర్తలు. మైలాంబ కర్మ మాత్రమే. శాసనంలో ఆమెయే కర్త్రి. తల్లి బయ్యాంబకు పుణ్యంగా ధర్మకీర్తిసముద్రమనే తటాకాన్ని నిర్మింపజేసినది. తల్లి పేరు నేటికీ ఊరి పేరులో నిలిచి ఉన్నది.

అయితే సాహిత్య విద్యార్థిని ఆకర్షించేది ఇందలి వంశవర్ణన. మెట్టినింటి ఇల్లాలి దానశాసనంలో భర్తృవంశ ప్రశస్తిని ఆశిస్తాము. ఇక్కడి సంస్కృత శ్లోకాలు వెన్నరాజుతో మొదలై పుట్టింటివారిని తరతరాలుగా పేర్కొంటున్నవి. గుండన అనే పేరుగల రాజులు వరుసగా మువ్వురు వచ్చినారు. వంశకర్తను చిక్కులో పెట్టగల ఈ నామసామ్యాన్ని కవి అలంకారంగా మలచి, వారిని ముగ్గురు రాములతో పోల్చినాడు. అటుపై కుర్రవాడి నేలిన ఎర్రన, పిండిగుండన, బేతరాజు, ప్రోలరాజు.

పురుషుల శాసనాలతో పోల్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. రుద్రదేవుని 1163 నాటి హనుమకొండ శాసనం తాతతోనే ఆరంభిస్తుంది. గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి శాసనం వంశాన్ని సూర్యునిదాకా తీసుకొనిపోతుంది. ఒకటి పూర్వులను విడిచినది, మరొకటి పురాణంలో కలిపినది. సామాన్య సేనానులైన పూర్వులను పేరుపేరునా తలచుకొన్నది ఇంటి ఆడపడుచు. తొలి కాకతీయుల వంశక్రమం ఇంత సమగ్రంగా మరొక శాసనంలో లేదు. సింహాసనం మరచిన పేర్లను చెరువుగట్టు కాపాడినది.

ఇది యాదృచ్ఛికమని తోసివేయలేము. గణపతిదేవుని కుమార్తె గణపాంబ కోట బేతరాజును పెండ్లాడి, అతని మరణానంతరం అతని పేర శివాలయం కట్టించి, అమరేశ్వరునికి బంగారు కలశాలు ఎత్తించినది. 1250 నాటి ఆమె యనమదల శాసనం కూడా కాకతి వంశాన్ని కీర్తిస్తున్నది. వివాహం ఈ స్త్రీలను మరొక ఇంటికి పంపినది గాని, పుట్టింటి జ్ఞాపకాన్ని తుడిచివేయలేదు.

మన పూర్వులు సప్తసంతానాలలో పుత్రునితోపాటు తటాకాన్ని, ప్రబంధాన్ని లెక్కించినారు. పుత్రుడు పితృవంశాన్ని నిలుపుతాడు; పుత్రికకు ఆ అధికారాన్ని ధర్మశాస్త్రం అరుదుగా ఇచ్చినది. మైలాంబ శాస్త్రంతో వాదించలేదు. తటాకం, దాని గట్టున శ్లోకమాలిక అనే రెండు సంతానాలతో ఆ కార్యాన్ని నెరవేర్చినది. ఆమె ధర్మానికి, కవి రచనకు మధ్య గీత గీయడం సాధ్యం కాదు.

కాకతీయ యుగాన్ని గూర్చి వ్రాసే మన నవలాకారులు రుద్రమదేవి ఖడ్గాన్ని ఎన్నో విధాల వర్ణించినారు. అది ఉచితమే. కాని రాజ్యమేలని స్త్రీ చరిత్రలో పలుకలేదనుకొనడం పొరపాటు. ఆ పలుకు దానశాసనపు మూసలో ఉన్నది; మూసను దాటి చదవడం మన బాధ్యత.