అంకుడు పొడి, కంప్యూటర్ ఫ్యాను

లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకలో తరిణె పట్టే ఇళ్లలో కంప్యూటర్ చెడిందంటే నేను ముందు అడిగేది, అది తరిణెకి ఎంత దూరంలో ఉందని. అంకుడు కర్ర మెత్తన. ఉలి ఆనగానే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలి కాళ్ల దగ్గరే పడుతుంది, దానితో ఇబ్బంది లేదు. గరుకు కాగితం పెట్టి నున్నగా చేసేటప్పుడు లేచే మెత్తటి పొడి మాత్రం చాలాసేపు గాలిలోనే తేలుతుంది. కంప్యూటర్ ఫ్యాను ఆ గాలినే లోపలికి లాగుతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు కదా, తేమ తోడై ఆ పొడి ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య అట్ట కట్టి, వేడిని బయటికి పోనివ్వదు.

"కాసేపు పనిచేసి ఆగిపోతోంది, కొత్తది కొనాలేటి బాబూ?" అని అడుగుతారు. చాలాసార్లు అక్కర్లేదు. వేడెక్కిన ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, ఇంకా వేడెక్కితే కాలిపోకుండా మిషన్నే ఆపేస్తుంది. ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్క తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. పట్టుకోకపోతే గాలి విసురుకి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచేసి కొత్తది గింజంత పెడితే చాలు.

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగానే ఉంటే ర్యామ్ మీద అనుమానం. తీసి, బంగారు పూత ఉన్న అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రెండు చివరలా టక్కుమనేదాకా నొక్కాలి. రెండు ర్యాములుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడాలి. ఇక్కడ నేను పట్టు విడవను: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్, కేబుల్, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మూడూ కలిపి మార్చేస్తే మిషన్ లేస్తుందేమో గానీ, బాగున్న రెండిటికి కూడా డబ్బు పోసినట్టే. రాపిడి వేడికి కరిగే లక్క, బొమ్మకి సరిగా పట్టకపోతే కర్ర ఆరిందా, తరిణె వేగం చాలిందా అని విడివిడిగా చూసుకునేవాళ్లకి ఈ మాట వెంటనే తలకెక్కుతుంది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే 3 వోల్టుల సీఆర్‌2032 బిళ్ల బ్యాటరీ మార్చండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. పాత డబ్బాలు నా చేతికొస్తే లోపల కనిపించే గోధుమరంగు సర్క్యూట్ పలక మాత్రం నాకు ఇష్టం. ఒకప్పుడు కరెంటు తీగచుట్టలకి లక్క పూసేవారు. ఆ లక్కకి బదులు వెతుకుతూనే లియో బేక్‌లాండ్ 1907లో బేకలైట్ కనిపెట్టాడు. ఈ పలకల్లో చాలావాటిది ఆ రెసిన్ల వంశమే. 2017లో జీఐ గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క మెరుపుతో వాటికి అలా చుట్టరికం.

హార్డ్ డిస్క్ టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలెడితే రిపేరు ఆలోచన పక్కన పెట్టండి, ముందు లోపలున్నది కాపాడుకోవాలి. ఈ ఊళ్లోనే బొమ్మల సహజ రంగుల మీద పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ దారిలో పనిచేసేవాళ్లు ఏ రంగు దేని నుంచి తీశారో, ఎంతసేపు కాచారో రాసుకున్న లెక్కలు, బొమ్మల నమూనాలు ఆ డిస్కులో ఉంటే ముందు వాటిని ఇంకో డిస్కులోకి ఎక్కించండి. సినిమాలు, పాటలు ఆ తర్వాత, డిస్కు అప్పటికీ తిరుగుతుంటే.