లెక్క అడగడం ఎవరు నేర్పారు?

రెండేళ్ళ కింద ఒక శని, ఆదివారాలు కాలేజీ పిల్లలకి ‘పాలసీ అడ్వొకసీ’ నేర్పే వర్క్‌షాప్‌కి వాలంటీరుగా వెళ్ళాను. స్లైడ్లు చేయడం, ఒక సెషన్ నడపడం నా పని. సమస్యని ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి, సొంత కథతో ఎలా మొదలుపెట్టాలి, అధికారి రెండు నిమిషాలే టైమిస్తే ఏం మాట్లాడాలి. ఇవీ మా పాఠాలు. పిల్లలు బాగా మాట్లాడారు, చప్పట్లు కొట్టాం. చివర్లో ఒకమ్మాయి లేచి అడిగింది: “మా హాస్టల్ మెస్‌కి ఒక్కొక్కరి పేరు మీద ఎంత వస్తదో నాకు తెలీదు. ఆ కాయితం ఎక్కడుంటదన్నా?” నా స్లైడ్లలో దానికి జవాబు లేదు. తర్వాతి సెషన్‌లో చూద్దాం అన్నాను. తర్వాత ఉన్నది గ్రూప్ ఫోటో.

ఆ ప్రశ్నని వెంటేసుకునే ‘ది ఆర్టీఐ స్టోరీ: పవర్ టు ద పీపుల్’ చదివాను. అరుణా రాయ్, మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ సభ్యులతో కలిసి రాసిన పుస్తకం ఇది. రోలీ బుక్స్ 2018లో వేసింది. సమాచార హక్కు చట్టం ఎలా వచ్చిందో చెప్పే చరిత్రగా దీన్ని అందరూ చదువుతారు. నాకు మాత్రం ఇది మాలాంటి వర్క్‌షాపుల మీద రాసిన పెద్ద విమర్శలా కనిపించింది, మా ఊసు ఎక్కడా ఎత్తకపోయినా.

అరుణా రాయ్ 1975లో ఐఏఎస్ ఉద్యోగం వదిలేశారు. 1987లో నిఖిల్ డే, శంకర్ సింగ్‌లతో కలిసి రాజస్థాన్‌లోని దేవ్‌డూంగ్రి అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టారు. 1990 మే 1న సంఘటన్ పుట్టింది. వీళ్ళెవరూ దేశానికో చట్టం తెద్దామని అక్కడికి వెళ్ళలేదు. కరువు పనులకి వెళ్ళిన కూలీలకి కనీస వేతనం రావడం లేదు, గొడవంతా అక్కడ మొదలైంది. ఎందుకు తక్కువిచ్చారంటే మీరు పని తక్కువ చేశారు, కొలతలు పుస్తకంలో ఉన్నాయి అంటారు. ఆ పుస్తకం చూపించమంటే అది ప్రభుత్వ రహస్యం అంటారు. కూలి డబ్బుల కోసం వెళ్ళిన మనిషి కాయితం దగ్గర ఆగిపోయాడు. ‘సమాచార హక్కు’ అనే పెద్ద మాట ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది.

మా వర్క్‌షాప్ దీనికి సరిగ్గా ఉల్టా నడిచింది. మొదటి గంటలోనే పిల్లల్ని ‘మీ పాలసీ డిమాండ్ ఏమిటి?’ అని అడిగాం. ఇరవై ఏళ్ళ పిల్లలు పాపం గూగుల్ చేసి తలా ఒక డిమాండ్ పట్టుకొచ్చారు.

పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపింది 1994 డిసెంబర్ 2న కోట్ కిరానాలో జరిగిన మొదటి ‘జన్ సున్‌వాయీ’, అంటే బహిరంగ విచారణ. ఇందులో ఉపన్యాసాలకి పెద్దగా చోటు లేదు. పంచాయతీ పనుల మస్టర్ రోల్ తెచ్చి ఊరి మధ్యలో పేర్లు గట్టిగా చదివారు. పేరున్న మనిషి లేచి, నేను ఆ పనికి వెళ్ళనే లేదని చెప్తాడు. ఇంకొకరు, అంత ఇచ్చారని రాశారు గానీ నాకు ముట్టింది ఇంతే అంటారు. ఇలాంటి విచారణల్లోనే చనిపోయినవాళ్ళు కూడా కూలికి వచ్చినట్టు రాసిన పద్దులు బయటపడ్డాయి. చదువు రానివాళ్ళు కూడా ఆ రోజు ఒక ప్రభుత్వ దస్తావేజుని తనిఖీ చేశారు. శిక్షణ అంటే అదే. తన పేరు పక్కన రాసిన అంకె తప్పని నలుగురి ముందు చెప్పగలిగిన మనిషికి ‘కాన్ఫిడెన్స్ బిల్డింగ్’ సెషన్ అక్కర్లేదు.

నాలుగో తరగతి దాకా చదివిన సుశీల గురించి సంఘటన్ వాళ్ళు తరచుగా చెప్తారు. మీకు సమాచారం ఎందుకమ్మా అని పత్రికలవాళ్ళు అడిగితే, కొడుకుని పది రూపాయలిచ్చి బజారుకి పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, నా పేరు చెప్పి కోట్లు ఖర్చుపెట్టే సర్కారుని అడగొద్దా అందట. మా స్లైడ్ల భాషలో ఇది అద్భుతమైన ‘పిచ్’. మేమైతే ఈ వాక్యం తయారు చేయడం నేర్పేవాళ్ళం. ఆ వాక్యం వెనక ఏళ్ళ తరబడి మస్టర్ రోల్ అడిగి లేదనిపించుకున్న అనుభవం ఉంది. అది లేకుండా వాక్యం మాత్రమే నేర్పితే పిల్లలకి నటన వస్తుంది.

అయితే పుస్తకంతో నాకు పేచీ ఉంది. కథంతా ‘మేము’ అనే గొంతులో నడుస్తుంది. సమష్టి పోరాటాన్ని అలాగే చెప్పాలన్న పట్టుదల అర్థమవుతుంది. కానీ నేర్చుకోవాలని చదివేవాడికి దానివల్ల నష్టం ఉంది. ఎవరికి ఏది రాలేదు, ఎవరు తప్పు చేసి దిద్దుకున్నారు, ఎవరు విసిగి వెళ్ళిపోయారు అన్నది నాకు చాలినంత దొరకలేదు. ఇంకొక సంగతి: ఏ ఆఫీసులో ఏ కాయితం పుడుతుందో తెలిసిన మనిషి ఒకరు మొదటినుంచీ ఆ గుంపులో ఉన్నారు. ఐఏఎస్‌లో పనిచేసిన ఆ అనుభవానికి ఈ కథలో ఎంత వాటా ఉందో నిక్కచ్చిగా లెక్క కట్టి ఉంటే, హాస్టల్ అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే దొరికేది.

పుస్తకం 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా, 2000లో రాజస్థాన్ చట్టం, 2005లో దేశానికంతటికీ చట్టం అంటూ గెలుపు వైపు నడుస్తుంది. గెలుపు తర్వాత ఏమైందో చూడాలంటే మన దగ్గరికే రావాలి. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. ఆ పద్ధతిని నిలబెట్టడంలో సంఘటన్‌తో పనిచేసినవాళ్ళ చెయ్యి ఉంది. కూలీ కుటుంబాల్లో చదువుకున్న కుర్రాళ్ళకి, అమ్మాయిలకి మస్టర్లు, కొలతల పుస్తకాలు చదవడం నేర్పారు. వాళ్ళు ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో చదివి, మండల స్థాయి ‘ప్రజా వేదిక’లో అధికారుల ముందు పెట్టేవారు. 2009లో దీనికోసం ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. దేవ్‌డూంగ్రిలో చేత్తో చేసిన పనిని ఇక్కడ రాష్ట్రమంతటికీ సరిపడే వ్యవస్థగా మార్చారు.

మరి ఫలితం? ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఈ తనిఖీల నివేదికలని పరిశీలించారు. తప్పులు బాగానే పట్టుబడ్డాయి, కానీ మొత్తం మీద తగ్గలేదు. తేలిగ్గా దొరికే కూలి మోసాల నుంచి పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల వైపు దొంగతనం జరిగింది. పోయిన డబ్బులో ఎక్కువ భాగం వెనక్కి రాలేదు. పిల్లలకి చదవడం నేర్పాం, చదివింది విన్నాక శిక్ష వేయాల్సినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. యువతకి శిక్షణ ఇస్తే విధానాలు మారతాయని ఉత్సాహంగా చెప్పే ఎవరైనా ఈ మాట కూడా చెప్పాలి. నేను చెప్పలేదు.

ఇప్పుడు ఆ చదవడానికే ఇంకో చిక్కు వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చింది. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా ఒకరి గోప్యతలోకి అకారణంగా చొరబడే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఆపొచ్చని అంతకుముందు ఉండేది. ఆ షరతులు తీసేసి, ‘వ్యక్తిగత సమాచారం’ అయితే చాలు, ఆపొచ్చన్నట్టు చేశారు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) ఇంకా ఉంది. కానీ తూచేది ఆ ఆఫీసరే. నా ఉద్యోగంలో కస్టమర్ల పేర్లు లాగ్స్‌లో కనబడకుండా చేయడం రోజూ ఉండే పని. అది మంచి పనే అని నమ్ముతాను కూడా. కానీ మస్టర్ రోల్‌లో పేరు దాచేస్తే మిగిలేది ‘పన్నెండు మందికి కూలి ఇచ్చాం’ అనే వాక్యం. దాన్ని కాదనడానికి ఏ మనిషీ లేచి నిలబడలేడు. కోట్ కిరానాలో చదివింది పేర్లే కదా.

ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు పెద్దదేం కాదు. హాస్టల్ నడిపే శాఖలో పౌర సమాచార అధికారి ఉంటాడు. మెస్ బిల్లులు, హాజరు పట్టిక నకళ్ళు కావాలని రాయాలి. ఎందుకో చెప్పక్కర్లేదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. నకళ్ళు వచ్చాక మెస్‌లో అందరూ కూచుని ఒక్కో పద్దూ చదువుకోవాలి, ఆ రోజు నిజంగా గుడ్డు పెట్టారా లేదా అని. అధికారి ఇచ్చే రెండు నిమిషాల్లో ఏం మాట్లాడాలో అప్పుడు ఎవరూ నేర్పక్కర్లేదు.

మళ్ళీ పిలిస్తే వెళ్తాను. ఈసారి ప్రొజెక్టర్ అడగను. ఏదో ఒక ఆఫీసు నుంచి నిజంగా తెచ్చిన బిల్లుల నకళ్ళు పంచి, మొదటి గంట ఎవరూ మాట్లాడకుండా చదవమంటాను. ఆ నకళ్ళు ఇంకా నా చేతికి రాలేదు. దరఖాస్తు పెట్టి పందొమ్మిది రోజులైంది.